పుస్తకానికి చిరునామా రాసేవారు

సాహిత్యం చదివేవారికి డబ్లిన్ అనగానే జేమ్స్ జాయిస్ ఊరు గుర్తుకొస్తుంది. అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ నగరాన్ని ఆనుకుని సయోటో నది ఒడ్డున మరో డబ్లిన్ ఉంది. ఏ మహారచయిత పేరూ దానికి అంటుకోలేదు. అయినా ఏ పుస్తకం ఏ దేశంలో, ఏ గ్రంథాలయంలో ఉందో వెతికే పరిశోధకుడు తెలిసో తెలియకో ఆ ఊరి గడప తొక్కుతూనే ఉంటాడు. వేలాది గ్రంథాలయాల ఉమ్మడి సూచి అయిన వరల్డ్‌క్యాట్‌ను నడిపే ఓసీఎల్‌సీ అనే సహకార సంస్థ కేంద్ర కార్యాలయం అక్కడే ఉంది.

ఈ సంస్థ 1967లో పుట్టింది. ఒహాయోలోని 54 కళాశాలలు, విశ్వవిద్యాలయాలు దాన్ని స్థాపించి, ఫ్రెడరిక్ కిల్‌గోర్‌ను సారథిగా పిలిపించుకున్నాయి. ఆయన అంతకుముందు యేల్ విశ్వవిద్యాలయంలో వైద్య గ్రంథాలయాన్ని నడిపినవాడు, వైద్యశాస్త్ర చరిత్ర చదివినవాడు. ఆయన ఆలోచన చాలా సరళమైనది. ఒకే పుస్తకానికి 54 చోట్ల 54 మంది కూర్చుని వేర్వేరుగా సూచీపత్రాలు రాయడం వృథా శ్రమ. ఒకరు రాస్తే మిగిలినవారు వాడుకోవాలి. 1971 ఆగస్టు 26న ఏథెన్స్ పట్టణంలోని ఒహాయో విశ్వవిద్యాలయ గ్రంథాలయం కంప్యూటర్ ద్వారా ఆ పని మొదలుపెట్టింది. 1981లో సంస్థ డబ్లిన్‌కు తరలింది. 1995లో అక్కడ జరిగిన ఒక సమావేశం నుంచే, వెబ్‌లోని సమాచారాన్ని వర్ణించడానికి 15 అంశాల ప్రమాణం పుట్టి, డబ్లిన్ కోర్ అనే పేరుతో ప్రపంచమంతా వ్యాపించింది.

ఇంత గొప్ప ఏర్పాటూ ఒక్క నమ్మకం మీద నిలబడి ఉంది: ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరు, ఆ వివరాన్ని మొదటిసారి సరిగా రాస్తారు. ఇంగ్లీషు పుస్తకానికి ఆ మొదటి మనిషి ఏ ఊళ్లోనైనా దొరుకుతాడు. తెలుగు పుస్తకానికి అలా కాదు. భాష చదవగలిగి, సూచీకరణ శాస్త్రం తెలిసినవారు అమెరికా విశ్వవిద్యాలయాల్లో వేళ్ల మీద లెక్కించదగినంత మందే. వారు రాయకపోతే మిగిలినవారు ఎత్తి రాసుకోవడానికి ఏమీ ఉండదు. వారు తప్పు రాస్తే ఆ తప్పే అన్ని గ్రంథాలయాలకూ పాకుతుంది.

ఇది గుమాస్తా పని అనుకునేవారు ఒక ఉదాహరణ చూడాలి. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ నవలను రోమన్ లిపిలో ఎలా వెతకాలి? అక్కడి గ్రంథాలయాలు పాటించే పద్ధతిలో ‘చ’కు సి అక్షరం ఒక్కటే, పక్కన హెచ్ చేరిస్తే అది ‘ఛ’ అవుతుంది. ఈ నియమం తెలియని పాఠకుడికి అలమారలో ఉన్న పుస్తకం కూడా లేనట్టే. ఇక బుచ్చిబాబు అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. కలం పేరునూ అసలు పేరునూ ముడివేయకపోతే ఒకే మనిషి ఇద్దరవుతాడు. ఇంటిపేరు ముందుంటుందని తెలియనివారు ‘రావు’నే ఇంటిపేరుగా తీసుకుంటే వందల మంది ఒకే గుంపులో కలిసిపోతారు. ఆసుపత్రిలో ఇద్దరు సుబ్బారావుల కేసు కాగితాలు కలిసిపోతే ఎంత ప్రమాదమో ఏ వైద్యుడికైనా తెలుసు. సాహిత్య చరిత్రలో కలిసిపోతే ప్రాణం పోదు గానీ ఒక రచయిత మాయమవుతాడు.

ఈ చిక్కులు విప్పడం పరిశోధనే. ముద్రణ సంవత్సరం లేని పుస్తకానికి పీఠికలోని సంతకం కింది తేదీనో, ముద్రాపకుని చిరునామానో పట్టుకుని కాలం నిర్ణయించాలి. అమెరికాలో అనేక విశ్వవిద్యాలయాలు గ్రంథాలయాధికారులకు అధ్యాపక హోదా ఇచ్చి, వారి నుంచి పరిశోధన వ్యాసాలు ఆశించడం ఉదారత వల్ల కాదు. ఆ పని స్వభావం తెలిసినందువల్ల.

తెలుగు పుస్తకాలు అంత దూరం చేరడమే ఒక విచిత్ర కథ. పీఎల్-480 చట్టం కింద భారతదేశం గోధుమలు కొన్నప్పుడు చెల్లించిన రూపాయల్లో కొంత భాగంతో, 1960ల నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపింది. తిండి గింజల లెక్కలో సముద్రం దాటిన కథా సంపుటాలు కొన్ని ఇప్పుడు తెలుగునాట దొరకవు, అక్కడ దొరుకుతాయి. దొరకడానికి కారణం కొన్నవారు ఒక్కరే కాదు, వాటికి చిరునామా రాసినవారు కూడా.

స్కాన్ చేసి అంతర్జాలంలో పెడితే చాలదా అని అడగవచ్చు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలకొద్దీ తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి మహోపకారం చేసింది. కానీ వాటిలో ఎన్నో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు రాసినవే. పుస్తకం తెర మీద ఉంటుంది, వెతికితే రాదు. యంత్రం అక్షరాలను చదవగలదేమో. ఈ సుబ్బారావు ఆ సుబ్బారావు కాడని తేల్చడానికి మాత్రం ఆ సాహిత్యం ఎరిగిన మనిషే కావాలి.

ఈ విలువ తెలుగువారికి కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపించిన అయ్యంకి వెంకటరమణయ్య పుట్టిన నేల ఇది. గణితోపాధ్యాయుడైన రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారియై, పాఠకుడి కాలాన్ని ఆదా చేయడాన్ని 1931లో ఒక సూత్రంగానే నిలబెట్టాడు. ఆ వారసత్వం ఉండి కూడా నేటికీ ముద్రణ సంవత్సరం, రచయిత పూర్తి పేరు, ఎన్నో ముద్రణో చెప్పని తెలుగు పుస్తకాలు వెలువడుతూనే ఉన్నాయి. ఆ ఒక్క పుట సరిగా అచ్చువేయడానికి అదనంగా అయ్యే ఖర్చేమీ లేదు.

ప్రవాసాంధ్రులు విశ్వవిద్యాలయాల్లో తెలుగు బోధనకు విరాళాలు పోగుచేస్తున్నారు. అది మెచ్చదగిన పని. అదే చేత్తో తెలుగు చదవగల ఒక గ్రంథాలయాధికారి ఉద్యోగానికి కూడా సాయపడితే, బోధన ఆగిన రోజున కూడా పుస్తకం దొరుకుతుంది. ఆవిష్కరణ సభలో రచయితకు శాలువా కప్పుతారు, ప్రకాశకుడిని పొగడుతారు. యాభై ఏళ్ల తర్వాత, ఆ సభ ఎవరికీ గుర్తులేని కాలంలో, ఆ పుస్తకాన్ని ఒక అపరిచిత పాఠకుడి చేతికి అందించేది మాత్రం ఏ వేదికా ఎక్కని ఆ మూడో మనిషే.