కొండ ఎక్కే ముందు ఒక్క ఫోన్ చేయండి

ఆదివారం వచ్చిందంటే బూట్లు బిగించి అడవి బాట పట్టే మిత్రులకు, శివరాత్రికి కాలినడకన శ్రీశైలం వెళ్లే స్వాములకు, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయ దిగే భక్తులకు, తెల్లవారకముందే వంజంగి కొండ ఎక్కి మేఘాల సముద్రం చూడాలనుకునే కుర్రకారుకు, పిల్లల్ని వెంటబెట్టుకుని తలకోన వెళ్లే తల్లిదండ్రులకు ఒక మనవి.

బయల్దేరే ముందు రోజు, మీరు నడవబోయే దారికి దగ్గర్లో ఉన్న ప్రభుత్వాసుపత్రికి ఫోన్ చేయండి. మూడు మాటలు అడగండి. పాముకాటుకు విరుగుడు ఇంజెక్షన్లు ఉన్నాయా? రాత్రిపూట డాక్టరుగారు ఉంటారా? లేకపోతే ఎక్కడికి తీసుకెళ్లమంటారు? వాళ్లు చెప్పింది కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. అడవిలోకి వెళ్లాక సిగ్నల్ ఉండదు, అప్పుడు వెతుక్కుందామంటే కుదరదు.

ఇంత పట్టుబట్టి ఎందుకు అడుగుతున్నానో చెప్పాలి.

కొన్నేళ్ల కిందట శ్రావణమాసంలో నల్లమల అంచున పదకొండు మందిమి నడుస్తున్నాం. మాలో అందరికంటే చిన్నవాడికి ఇరవై నాలుగేళ్లు. ఒకచోట బండ ఎక్కాల్సి వచ్చింది. పైన పట్టు కోసం చెయ్యి చాచి, కంటికి కనిపించని అంచు మీద వేశాడు. "అబ్బా, ముల్లు" అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నేను పక్కనుంచి ఎక్కి చూస్తే బండ సందులో ఒక పాము. జానెడు కంటే కాస్త ఎక్కువ ఉంటుందేమో. ఒళ్లంతా మెలిక వేసుకుని, ఆ మెలికలను ఒకదానితో ఒకటి రాస్తోంది. ఎండు కట్టె మీద రంపం ఆడించినట్టు గరగరమని చప్పుడు. బుస కాదది, పొలుసుల రాపిడి. దాన్ని చిన్నపింజర అంటారని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో మాత్రం "ఇంతే కదా, పిల్లపాము" అని అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఆ తర్వాత చేసినవన్నీ తప్పులే. చేతిరుమాలు తీసి మణికట్టు దగ్గర కట్టు కట్టింది నేనే. పుల్ల పెట్టి మెలితిప్పి బిగించింది కూడా నేనే. సినిమాల్లో చూసింది అదే, చిన్నప్పుడు ఊళ్లో చూసింది అదే. ఇంకొకరు బ్లేడు తీశారు, ఏదో పుణ్యాన ఎవరో ఆపారు. ఆ అబ్బాయిని నాలుగు కిలోమీటర్లు గబగబా నడిపించాం. మొదటి ఆసుపత్రిలో మందు లేదన్నారు. రెండోచోటికి చేరేసరికి కాటు పడి ఆరు గంటలైంది. అప్పటికి చిగుళ్ల నుంచి నెత్తురు ఊరుతోంది.

అక్కడ నర్సమ్మ అతని రక్తం కాస్త తీసి పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు నిలబెట్టింది. మామూలుగా అయితే ఆ పాటికి గడ్డకట్టాలి. ఇరవై నిమిషాలయ్యాక గొట్టాన్ని పక్కకు వంచింది. నెత్తురు నీళ్లలా జారింది. పింజర విషం చేసే పని అది, రక్తానికి గడ్డకట్టే గుణమే లేకుండా చేస్తుంది. ఆ గొట్టం ఇప్పటికీ నా కళ్లముందు నుంచి పోదు.

అబ్బాయి బతికాడు. చూపుడు వేలి పై కణుపు పోయింది. "విషం ఎలాగూ కొంత తింటుంది. కానీ ఈ వేలు పోవడంలో మీ కట్టుకూ వాటా ఉంది" అన్నారు డాక్టరుగారు. కోపంగా అనలేదు, అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

అందుకని కట్టు కట్టకండి. కోయకండి. నోటితో పీల్చకండి. పసర్లు పూయకండి, మంత్రం వేసేవాళ్ల కోసం ఊళ్లు తిరగకండి. కాటు పడిన చోటికి పైన బిగించి కట్టిన కట్టు విషాన్ని పూర్తిగా ఆపలేదు, రక్తాన్ని మాత్రం ఆపుతుంది. పింజర విషం ఉన్నచోటే కండను కుళ్లబెడుతుంది, దానికి రక్తం అందకపోవడం తోడైతే వేలో, చెయ్యో పోతుంది. ఎవరైనా అప్పటికే బిగించి కట్టేసి ఉంటే దారిలో తొందరపడి విప్పకండి. డాక్టరు సమక్షంలో, మందు సిద్ధంగా ఉన్నప్పుడు విప్పాలి. ఆగి ఉన్న విషం ఒక్కసారిగా ఒళ్లంతా పాకే ప్రమాదం ఉంది. ఎలాస్టిక్ గుడ్డ చుట్టే వీడియోలు ఫోన్లలో తిరుగుతుంటాయి. అవి ఎక్కువగా ఆస్ట్రేలియా పాముల కోసం చెప్పినవి. మన పింజరలకు ఆ పద్ధతి చేటు చేయొచ్చు.

మరేం చేయాలి? కూర్చోబెట్టండి, వీలైతే పడుకోబెట్టండి. ఉంగరాలు, గాజులు, వాచీ, బూటు తీసేయండి, వాపు వచ్చాక అవి రావు. కాలో చెయ్యో విరిగితే ఎలా బద్దకట్టి కదలకుండా ఉంచుతామో అలా ఉంచండి. కాటు పడిన టైము రాసుకోండి. అతన్ని నడిపించకండి. కండరం కదిలినకొద్దీ విషం పైకి పాకుతుంది. దుప్పటికి రెండు కర్రలు కట్టి డోలీ చేసి మోయండి, వీపు మీద ఎక్కించుకోండి, ఇద్దరు చేతులు కలిపి కుర్చీ చేయండి. సిగ్నల్ ఉన్న ఎత్తుకు ఒకరిని పరుగు పెట్టించి 108కి చెప్పించండి. నొప్పికి ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటివి ఇవ్వకండి, రక్తస్రావం పెరుగుతుంది. ధైర్యం చెప్పండి. అది ఊరికే అనే మాట కాదు. మన దగ్గర తిరిగే పాముల్లో ఎక్కువ వాటికి విషమే లేదు, విషం ఉన్నది కరిచినా ప్రతిసారీ విషం ఎక్కించదు. అయినా ఆసుపత్రికి మాత్రం వెళ్లి తీరాలి.

పామును పట్టుకురావాలా అని అడుగుతుంటారు. వద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ మన దేశంలో ఇచ్చే విరుగుడు ఒక్కటే. ఏ పామో తెలియకపోయినా ఒంట్లో కనిపించే లక్షణాలను బట్టి డాక్టర్లు వైద్యం చేస్తారు. చంపడానికి పొదలో దూరితే రెండో మనిషికి కాటు పడుతుంది. తెగిన తల కూడా కాసేపటి దాకా కరవగలదు. పైగా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పామును చంపడం నేరం.

విరుగుడు మందును మన సంచిలోనే పెట్టుకుపోవచ్చు కదా అని కొందరు ఉత్సాహవంతులు అంటారు. అది గుర్రాల రక్తం నుంచి తయారయ్యే మందు. సెలైన్ లాగా నరంలోకి ఎక్కించాలి. మొదటి విడతలోనే సుమారు పది సీసాలు పడతాయి, చిన్నపిల్లలకైనా అంతే, ఎందుకంటే పాము పిల్లల్ని చూసి విషం తగ్గించదు. కొందరికి ఆ మందే పడక ఊపిరి ఆడదు, వెంటనే సరిచేయడానికి డాక్టరు పక్కనుండాలి. కాబట్టి మందు మన దగ్గరికి రాదు, మనమే దాని దగ్గరికి వెళ్లాలి. ఎక్కడుందో ముందే తెలియాలి.

కట్లపాము సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే రాత్రి అడవిలో గుడారాలు వేసుకునేవాళ్లు దీని సంగతి తెలియక ప్రాణాలు పోగొట్టుకుంటారు. నల్లటి ఒళ్లు, సన్నటి తెల్ల కట్లు. పగలు ముడుచుకుని పడుంటుంది, రాత్రి తిరుగుతుంది, నేలమీద పడుకున్నవాళ్ల పక్కల్లో దూరుతుంది. కరిస్తే చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా కనపడదు. తెల్లవారుజామున లేచి "కడుపులో నొప్పి, గొంతు పట్టేసింది" అంటారు. గ్యాస్ మాత్ర ఇచ్చి పడుకోబెడతాం. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, చివరికి ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. అడవిలో నేలమీద పడుకున్న మనిషి అర్ధరాత్రి కడుపునొప్పి అని లేస్తే, పైకి ఏ గాయం లేకపోయినా, పాముకాటే అనుకుని వెంటనే బయల్దేరండి. దారిలో ఊపిరి ఆగితే నోటితో ఊపిరి ఊదుతూ తీసుకెళ్లండి, వెంటిలేటర్ దాకా చేర్చగలిగితే ఆ మనిషి దక్కుతాడు. దోమతెర అంచులు పరుపు కిందకు నొక్కి పడుకోండి. గుడారం జిప్పు తెరిచి ఉంచకండి. మిగిలిన అన్నం చుట్టుపక్కల పారేయకండి, దానికి ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనకే ఇవి వస్తాయి. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోండి.

నడిచేటప్పుడు ఎలా నడవాలో నాకు నేర్పింది ఒక చెంచు పెద్దాయన. దారి చూపించడానికి వచ్చాడు. చేతిలో సన్నటి కర్ర, దాంతో ముందున్న ఎండుటాకులను కొట్టడు, నెమ్మదిగా ఒత్తుతూ పోతాడు. దారికి అడ్డంగా ఒక దుంగ పడుంది. నేను ఒక్క అంగలో దాటబోతే భుజం పట్టి ఆపాడు. "దాటొద్దు సారూ, ఎక్కి దిగాల" అన్నాడు. ముందు దుంగ మీద కాలు పెట్టి, పైనుంచి అవతలి పక్క నేల చూసి, అప్పుడు దిగాడు. దుంగ అవతల నీడలో ఏం పడుకుందో ఇవతలి నుంచి కనపడదు. ఇంత చిన్న విషయం ఇన్నేళ్లలో మాకెవరూ చెప్పలేదు. ఆ రోజంతా ఆయన నోట పాము అనే మాట రాలేదు, పురుగు అనే అన్నాడు. మా అమ్మమ్మా దీపాలు పెట్టాక ఆ పేరు ఎత్తనిచ్చేది కాదు, పురుగు అనే అనేది. భయమూ మర్యాదా రెండూ ఉన్న మాట అది.

చూడనిచోట కాలు పెట్టకండి, చూడనిచోట చెయ్యి పెట్టకండి, చూడకుండా కూర్చోకండి. చీలమండ పైదాకా వచ్చే బూట్లు, వదులైన ఫ్యాంటు వేసుకోండి. చెవుల్లో పాటలు తీసేయండి, రక్తపింజర బుస ప్రెషర్ కుక్కర్ ఆవిరిలా గట్టిగా ఉంటుంది, వింటే ఆగిపోవచ్చు. పాము ఎదురైతే నిలబడి, మెల్లగా నాలుగడుగులు వెనక్కి వేయండి, దాని దారిన అది పోతుంది. ఫోటో కోసం దగ్గరికి వెళ్లకండి. విశాఖ మన్యం వైపు నడిచేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడి అడవుల్లో గిరినాగు ఉంది, మన విరుగుడు మందు పైన చెప్పిన నాలుగు పాముల కోసం చేసింది, గిరినాగు కాటుకు దాన్ని నమ్ముకోలేం.

ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం ఎక్కే స్వాములూ, మీ మొక్కును నేను కాదనను. చెప్పుల్లేకుండా నడవడం మీ నిష్ఠ. చీకటి పడ్డాక మాత్రం టార్చిలైటు లేకుండా అడుగు వేయకండి, ఒంటరిగా నడవకండి, చేతికర్ర వదలకండి, మజిలీలో నేలమీద కాక కాస్త ఎత్తయిన అరుగు చూసుకుని పడుకోండి. అన్నదాన శిబిరాలు నడిపే దాతలు ఒక డోలీ, రెండు మంచి టార్చిలైట్లు, ఆసుపత్రి నంబరు రాసిన బోర్డు కూడా పెట్టండి. సలేశ్వరం జాతర, శివరాత్రి నడక దారుల్లో వైద్య శిబిరాలు పెట్టే అధికారులకు విన్నపం, విరుగుడు మందు, దాన్ని ఎక్కించగల డాక్టరు, ఒక అంబులెన్సు, ఈ మూడూ ఒకేచోట ఉండేలా చూడండి. అటవీశాఖ వారు ప్రతి నడకదారి మొదట్లో, టికెట్టు రేట్ల పక్కనే, మందు ఉన్న ఆసుపత్రి పేరు, దూరం రాయించండి. డబ్బు తీసుకుని జనాన్ని ట్రెక్కింగుకు తీసుకెళ్లే నిర్వాహకులు ఈ ఫోన్ చేయకుండా బస్సు ఎక్కించకూడదు.

ఒక మాట నిజాయతీగా ఒప్పుకోవాలి. సరదాకు నడిచే మనం పాముకాటు లెక్కల్లో చాలా కొద్దిమందిమి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో పోయినవాళ్లు సుమారు 12 లక్షలని, అంటే ఏడాదికి 58 వేల మంది దాకా అని 2020లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాల్లో మన తెలుగు నేల ఉంది. దాదాపు సగం చావులు జూన్, సెప్టెంబరు మధ్యనే, మనం జలపాతాలు చూడ్డానికి పోయే రోజుల్లోనే. పోయినవాళ్లు ఎక్కువగా పల్లెవాళ్లు, పొలం పనుల మీద బతికేవాళ్లు. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో ప్రణాళిక ప్రకటించింది. ఆ ప్రణాళిక మారుమూల ఆసుపత్రి ఫ్రిజ్ దాకా చేరిందో లేదో అడిగేవాళ్లు ఉండాలి కదా. వారంవారం పట్నం నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేసి "మందు ఉందా?" అంటే, లేదని చెప్పలేక అయినా తెప్పించిపెడతారు. మనం అడిగిన మందు ఆ ఊరి గొర్రెలకాపరికి పనికొస్తుంది. ఆయన నడిచిన దారిలోనే మనం నడుస్తున్నాం, ఆ మాత్రం బాకీ మనకుంది.

మా బృందంలో ఫోన్ చేసే పని ఇప్పుడు ఆ అబ్బాయిదే. మొన్న శనివారం చేసి, విన్నదంతా మందులపెట్టె మూత లోపల స్కెచ్ పెన్నుతో రాశాడు. ఆసుపత్రి 31 కిలోమీటర్లు. విరుగుడు ఉంది. రాత్రి డాక్టరు ఉంటారు. తొమ్మిది దాటితే ముందు గేటు మూసేస్తారు, వెనక బోరింగు పక్కనున్న చిన్న గేటులోంచి రావాలి.