కరెంటు లేదు గదా అని కొమ్మ కొయ్యకండి

ముందు ఆపాల్సిన పని చెప్తాను, కారణాలు తర్వాత. గాలివానకు విరిగి కరెంటు తీగ మీద వాలిన కొమ్మను మీరు కొయ్యకండి. మడత రంపంతో వద్దు, దోటికి కొడవలి కట్టి వద్దు, నిచ్చెన వేసుకుని వద్దు, డాబా పిట్టగోడ మీద నిలబడి అసలే వద్దు. 1912కు ఫోన్ చేసి, బిల్లు మీది సర్వీసు నంబరు చెప్పి, లైన్‌మన్ వచ్చేదాకా ఆ కొమ్మ కిందికి పిల్లలు పోకుండా చూడండి. ఇంతవరకు చదివి పేపరు మడిచేసినా నాకు అభ్యంతరం లేదు.

ఏప్రిల్, మే నెలల సాయంత్రాలు మనకు కొత్త కాదు. పొద్దంతా నిప్పులు చెరిగిన ఆకాశం నాలుగు దాటాక నల్లబడుతుంది. దుమ్ము లేస్తుంది, రేకులు మోగుతాయి, వాన కంటే ముందు గాలి వస్తుంది. 2024 మే 26 ఆదివారం అలాగే వచ్చి, తెలంగాణలో ఒక్క పూటలో పదిమందికి పైగా ప్రాణాలు తీసుకుపోయింది. శామీర్‌పేట, కీసర వైపు రోడ్డు మీద చెట్టు విరిగి బైకు మీద పడి ఇద్దరు పోయారు. గాలి తీసిన ప్రాణాలు పేపర్లో వస్తాయి. తెల్లారి కొమ్మలు తీసెయ్యబోయి వేళ్ళు తెగినవాళ్ళు, నిచ్చెన మీంచి పడ్డవాళ్ళు, షాకు కొట్టినవాళ్ళు ఆ లెక్కలోకి రారు. నేను రాస్తున్నది ఆ తెల్లారి గురించి.

పటాన్‌చెరు దగ్గరి మా ఇంద్రేశంలో ఈ ప్రమాదం మరీ దగ్గరగా ఉంది. నిన్నమొన్నటి దాకా చేలున్న చోట ఇప్పుడు కాలనీలు, మూడంతస్తుల కిరాయి ఇళ్ళు, అపార్ట్‌మెంట్లు. ఊరు పంచాయతీ దాటి మున్సిపాలిటీ అయింది. 2015లో హరితహారం మొదలైనప్పటి నుంచి రోడ్ల పక్కన, గేట్ల ముందు నాటిన మొక్కలు చాలావరకు బతికాయి, సంతోషమే. కానీ మొక్క నాటేటప్పుడు తల ఎత్తి పైకి చూసినవాళ్ళు తక్కువ. కానుగ, వేప, తురాయి, ఆ ఏపుగా పెరిగే కోనోకార్పస్ తీగల్లోకి పోయాయి. తురాయి కొమ్మ చూడ్డానికే అందం, గాలికి నిలవదు. ఏ వీధిలో చూసినా సర్వీసు వైర్లు ఆకుల్లోంచే ఇళ్ళలోకి వెళ్తుంటాయి.

ఇక్కడ నాకు మింగుడుపడనిది ఒకటుంది. ఈ కాలనీల్లో చాలామంది పాశమైలారం, పటాన్‌చెరు, ఇస్నాపూర్ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్ళు. అక్కడ ఎత్తు మీద పని అంటే పర్మిట్ కావాలి, బెల్టు కావాలి, కింద ఒక మనిషి కావాలి. మిషన్ లోపల చెయ్యి పెట్టాలంటే ముందు స్విచ్చి ఆపాలి, దానికి తాళం వెయ్యాలి, తాళానికి తన పేరున్న చీటీ తగిలించాలి, చెవి తన జేబులోనే ఉండాలి. లాకౌట్, ట్యాగౌట్ అనే ఈ మాటలు నిన్న చేరిన హెల్పరుకూ తెలుసు. “మిషన్ ఆగే ఉంది గదా సార్” అంటే సూపర్‌వైజర్ ఒప్పుకోడు. ఆగి ఉండటం వేరు, ఆపి తాళం వెయ్యడం వేరు. అదే మనిషి ఆదివారం పొద్దున లుంగీ ఎగ్గట్టి, హవాయి చెప్పులతో నిచ్చెన ఎక్కి “కరెంటు లేదు గదా” అంటాడు.

కరెంటువాళ్ళకు కూడా ఆ తాళం ఉంది. దాన్ని ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకోవడం అంటారు. లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు చెప్పి ఫీడరు ఆపిస్తాడు, ఆపామన్న మాట అటు నుంచి తీసుకుంటాడు, పని జరిగే చోట తీగలను కలిపి ఎర్త్ కడతాడు. పని అయిపోయిందని తిరిగి చెప్పేదాకా ఆ లైను చార్జ్ చెయ్యకూడదు. మీరు మీ కొమ్మ మీద రంపం పెట్టిన సంగతి సబ్‌స్టేషన్‌లో ఎవరికి తెలుసు? గాలికి ఫీడరు ట్రిప్ అయితే, కాసేపాగి మళ్ళీ ఒకసారి చార్జ్ చేసి చూడటం మామూలే. నిలబడితే సరే, నిలబడకపోతే మనుషులను పంపుతారు. వాళ్ళు అలా చూసే క్షణానికి మీ ఎడమ చెయ్యి కొమ్మను పట్టుకుని ఉంటుంది. ఊరంతా చీకటిగా ఉన్నా తీగలో కరెంటు ఉండొచ్చు కూడా. పక్క అపార్ట్‌మెంటులో జనరేటరు వేశారు, ఛేంజోవర్ స్విచ్చి సరిగా లేదు, ఆ కరెంటు వెనక్కి పారి వీధి తీగలోకి వచ్చింది. అది ట్రాన్స్‌ఫార్మరు గుండా తిరగబడి 11 కేవీ వైపుకూ ఎక్కుతుంది.

కట్టెకు కరెంటు రాదనేది చిన్నప్పటి నుంచి విన్న మాట. ఎండిన కట్టెకు, ఇంట్లో వచ్చే 240 వోల్టుల దగ్గర అది చాలావరకు నిజం. వానలో తడిసిన పచ్చి కొమ్మకు, 11,000 వోల్టుల దగ్గర అది శుద్ధ అబద్ధం. ఆ తీగను ముట్టుకోనక్కర లేదు, దగ్గరికి పోతే చాలు. రంపం పిడికి రబ్బరు ఉంది కదా అంటారు. ఆ రబ్బరు చెమట చేతికి జారకుండా వేసింది, కరెంటు ఆపడానికి కాదు. ఈ మధ్య పొడుగు అల్యూమినియం గొట్టానికి రంపం బిగించి, లాగితే నాలుగైదు మీటర్లు సాగేవి అమ్ముతున్నారు. తోటల్లో బాగానే పనికొస్తాయి. తీగలున్న వీధిలో అది మీ చేతినుంచి తీగ దాకా వేసిన లోహపు వంతెన. సర్వీసు వైరుకు తొడుగు ఉంటుందన్న ధీమా కూడా వద్దు. ఏళ్ళ తరబడి ఎండకు ఆ తొడుగు పెళుసెక్కి పగులుతుంది, మిగిలిన దాన్ని రంపం పళ్ళు చూసుకుంటాయి.

తీగ తెగి నేల మీద పడి ఉంటే పది మీటర్లు దూరం జరగండి. ఇప్పటికే దగ్గరికి పోయి ఉంటే పరుగెత్తకండి, పెద్ద అడుగులు వెయ్యకండి. రెండు పాదాలూ ఆనించి, నేల మీంచి ఎత్తకుండా ఈడ్చుకుంటూ వెనక్కి రండి. తడి నేల మీద రెండు పాదాల మధ్య ఉన్న వోల్టేజీ తేడాయే మనిషిని పడేస్తుంది.

సరే, కొమ్మ తీగలకు దూరంగా, పెరట్లోనో గేటు ముందో పడింది. దానికి రంపం కావాలి. మడత రంపం మంచి సాధనమే, నాకు దాని మీద పగ లేదు. జేబులో పడుతుంది, గొడ్డలిలాగా పక్కవాడి కాలు మీదికి జారదు, ఇరుకు కొమ్మల మధ్యకు దూరుతుంది. పగ లేదని చెప్పే హక్కు కూడా నాకుంది. నా కుడి చేతి మధ్యవేలు, ఉంగరపు వేలు రెండో కణుపుల మీద వరసగా చిన్న చిన్న గాట్ల మచ్చలున్నాయి. దుకాణంలో చవగ్గా దొరికిందని తెచ్చిన రంపం, మునగ కొమ్మలో ఇరుక్కుంటే ముందుకు నెట్టాను. లాక్ జారింది. బ్లేడు మడుచుకుని, పిడిని పట్టుకున్న నా వేళ్ళ మీదే మూసుకుంది. కోసిన కొమ్మ అక్కడే ఉంది, రక్తం మాత్రం వంటింటి దాకా.

కాబట్టి కొనేటప్పుడు పళ్ళ కంటే ముందు లాక్ చూడండి. దుకాణంలోనే తెరిచి, బ్లేడు వీపును కౌంటరు అంచుకు ఆనించి మడిచే వైపుకు గట్టిగా నొక్కండి. వేళ్ళు గాడికి అడ్డం లేకుండా పిడిని పక్కల నుంచి పట్టుకుని నొక్కండి, లేకపోతే నా మచ్చలే మీకూ వస్తాయి. లాక్ కదలకూడదు. తర్వాత బ్లేడును అటూ ఇటూ ఊపితే కీలు దగ్గర లొడలొడ ఉండకూడదు. కీలుకు బిగించుకునే బోల్టు ఉన్నది కొనండి, రివెట్ కొట్టేసింది వద్దు. వదులైతే బిగించుకునే దారి ఉండాలి. దుకాణం అతను విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

పళ్ళ సంగతి. మన వడ్రంగి రంపం ముందుకు తోస్తే తెగుతుంది. మడత రంపాలు ఎక్కువగా జపాను పద్ధతివి, వెనక్కి లాగితేనే తెగుతాయి. లాగేటప్పుడు బ్లేడు బిగుసుకుంటుంది గనక పలచగా చేస్తారు. చిన్నప్పటి అలవాటు కొద్దీ బలమంతా పెట్టి తోశామా, ఆ పలచని బ్లేడు వంకరపోతుంది, విరుగుతుంది, లేదా నాకు జరిగినట్టు మడుచుకుంటుంది. లాగేటప్పుడు బలం, ముందుకు పోనిచ్చేటప్పుడు ఊరికే జారనివ్వడం. చేతికి ఇది అలవాటయ్యేదాకా ఎండు కొమ్మల మీద కాదు, మెత్తటి పచ్చి కొమ్మల మీద నేర్చుకోండి. పచ్చి కొమ్మకు ఎడంగా ఉన్న పెద్ద పళ్ళు కావాలి, తడి పొట్టు ఇరుక్కోకుండా రాలిపోవడానికి. ఎండిన తుమ్మలాంటి గట్టి కట్టెకు దగ్గరి పళ్ళు. పళ్ళ మొనలు నీలంగా, నల్లగా కనిపిస్తే అవి కాల్చి గట్టిపరిచినవి, ఆకురాయి పట్టదు. మొద్దుబారితే బ్లేడు మార్చాల్సిందే, అందుకని విడి బ్లేడు దొరుకుతుందో లేదో కొన్న రోజే అడగండి.

ఎంత లావు కొమ్మ? బ్లేడు పొడవులో సగానికి మించకూడదు. 180 మిల్లీమీటర్ల బ్లేడుకు 8 లేక 9 సెంటీమీటర్లు, అంటే మణికట్టు కంటే కాస్త లావు. అంతకు మించినదానికి ఇది సరిపోదు, మనిషిని పిలవాలి. ఇంకో లెక్క కూడా పెట్టుకోండి. మీ పాదాలు నేల మీద, కొమ్మ మీ భుజం కంటే కింద. ఈ రెండూ కుదరకపోతే ఆ కొమ్మ మీది కాదు.

నేల మీద పడ్డ కొమ్మ చచ్చినట్టే ఉంటుంది, కానీ చావదు. విరిగి, వంగి, ఒక చివర గోడకు ఆని, ఇంకో చివర కాండానికి వేలాడుతున్న కొమ్మ లాగి పట్టిన విల్లు. ఎటువైపు బిగిసి ఉందో, ఎటువైపు నలిగి ఉందో కొయ్యకముందు చుట్టూ తిరిగి చూడండి. నలిగిన వైపు నుంచి మొదలుపెట్టి లోతుగా కోస్తే కొమ్మ రంపాన్ని కరిచి పట్టుకుంటుంది. బిగిసిన వైపు ఒక్కసారే కోస్తే ఫట్టున లేచి మొహానికి తగులుతుంది. నలిగిన వైపు కొద్దిగా గాటు పెట్టి, తర్వాత బిగిసిన వైపు నుంచి నెమ్మదిగా, పక్కకు నిలబడి. కొమ్మ చిటపటమంటే చెయ్యి తీసెయ్యండి. చెట్టుకే ఉన్న కొమ్మకైతే కాండానికి మూరెడు దూరంలో కింది నుంచి మూడో వంతు గాటు, దానికి కాస్త అవతల పై నుంచి పూర్తి కోత, చివరికి మిగిలిన మోడును కొమ్మ కాండంలో కలిసేచోట ఉండే మెడ ఉబ్బు దగ్గర. కింది గాటు పెట్టకపోతే బరువుకు కొమ్మ ఊడుతూ కాండం బెరడును చీల్చుకుపోతుంది. కోసే ముందు ఆకుల్లోకి ఒకసారి చూడండి, కందిరీగలు కొమ్మతోపాటు ఇల్లు పోగొట్టుకుని ఊరుకోవు. చెట్టు మొత్తం కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ఉంది, అనుమతి తీసుకోండి.

చెప్పులు కాదు, బూట్లు. ఫ్యాక్టరీలో ఇచ్చినవి ఇంట్లో ఉంటాయి. హెల్మెట్, కళ్ళద్దాలు కూడా. ఎడమ చేతికి తొడుగు, అది వేళ్ళకు సరిగ్గా అతికేది. కొమ్మను పట్టిన ఎడమ చెయ్యి కోతకు జానెడు దూరంలో ఉండాలి, ఎందుకంటే మొదటి రెండు మూడు లాగుళ్ళలో గాడి పడకముందే రంపం ఎగిరి పడేది ఆ బొటనవేలి మీదికే. పని కాగానే మడిచి పెట్టండి, తెరిచిన రంపం గడ్డిలో కనపడదు. వేప బంక పట్టిన పళ్ళను కిరోసిన్ గుడ్డతో తుడిచి, చుక్క కొబ్బరినూనె రాయండి.

తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, తీసి తీసి చూడకుండా పది నిమిషాలు ఉంచండి. పసుపు వద్దు, కాఫీ పొడి వద్దు, డాక్టరు దాన్నంతా కడగలేక చస్తాడు. రక్తం ఆగని లోతు గాయమైనా, వేలు తిమ్మిరెక్కినా, వంగకపోయినా ఆసుపత్రికే, ధనుర్వాతం టీకా గురించి అక్కడే అడగండి. వేలి ముక్క తెగిపడితే తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవరును ఐసు మీద ఉంచి తీసుకుపోవాలి. ముక్కను నేరుగా ఐసులో వేస్తే చచ్చిపోతుంది. 108కు చెయ్యండి. షాకు కొట్టిన మనిషిని మాత్రం ముట్టుకోకండి. ఇంటి కరెంటైతే మెయిన్ ఆపండి, వీధి తీగైతే దూరం నుంచే 1912, 108.

పోయినసారి గాలివచ్చిన తెల్లారి మా వీధిలో ఒకాయన వచ్చాడు. “సార్, మీ దగ్గర మంచి రంపముందట, జర ఇయ్యుండ్రి.” మొహమాటపడి ఇచ్చాను. చూద్దామని వెనకే పోతే, వేప కొమ్మ సర్వీసు వైరు మీద పడుకుని ఉంది, ఆయన అప్పటికే స్టూలు తెస్తున్నాడు. “కరెంటు రాత్రే పోయింది గద సార్, ఏం గాదు” అన్నాడు. రంపం చేతిలోంచి తీసుకున్నాను. మాటా మాటా పెరిగింది. ఆయన భార్య లోపలి నుంచి వచ్చి, సార్ రంపం ఇయ్యకుంటే ఇయ్యకపాయె, గట్ల అరుసుడేంది అంది. పదకొండు గంటలకు లైన్‌మన్ వచ్చి, స్తంభం దగ్గర వైరు విప్పి, కొమ్మను రెండు ముక్కలు చేసి పడేసి పోయాడు. రంపం అడిగిన ఆయన ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుని పోతాడు, రోజూ పొద్దున ఆరింటికి, షిఫ్టు బస్సుకు.