రోదసిలోనూ కాఫీ తెచ్చేది ఆవిడేనా?

పాత టీవీ సీరియళ్లు చూపించిన ‘రాబోయే కాలం’ ఇప్పుడు చూస్తే ముందు నవ్వొస్తుంది. గోడ నిండా ఎర్ర లైట్లు, పచ్చ లైట్లు ఊరికే వెలిగి ఆరుతుంటాయి. స్విచ్చుల మీద పేర్లుండవు. ఏది నొక్కితే ఏమవుతుందో నొక్కేవాళ్లకే తెలియాలి! కానీ తేలిగ్గా తీసిపారేయడానికీ లేదు. అమెరికాలో 1966లో మొదలై, 1980లలో మన దూరదర్శన్‌లోనూ వచ్చిన ‘స్టార్ ట్రెక్’నే తీసుకోండి. మూత తెరిచి మాట్లాడే చేతి ఫోను, అడిగితే నోటితో జవాబు చెప్పే కంప్యూటరు, సమాచారం దాచుకునే చదరపు బిళ్లలు... అన్నీ అందులో ఉన్నాయి. అలాంటివే తర్వాత మన ఇళ్లలోకీ వచ్చాయి.

యంత్రాల విషయంలో అంత దూరం ఆలోచించినవాళ్లు, ఆ యంత్రాల పక్కన ఆడమనిషిని ఎక్కడ నిలబెట్టారు? నాకు పట్టుకున్న ప్రశ్న అదీ.

ఆ సీరియల్లో ఒక ఎపిసోడ్‌లో ఓడ వంటగదికి కరెంటు ఆగిపోతుంది. అయినా కెప్టెన్‌గారి సహాయకురాలు వేడివేడి కాఫీ పట్టుకొస్తుంది. ఎలా కాచిందంటే, శత్రువుల మీద ప్రయోగించే కిరణాల తుపాకీతో! ఎంత తెలివి! కానీ ఆ తెలివి ఎందుకు ఖర్చయిందో చూడండి. అదే ఓడలో డాక్టరుగారి పరికరాలు కొన్ని నిజానికి భోజనాల బల్ల మీద పెట్టుకునే ఉప్పు సీసాలట. వంటింటి సీసా రోదసికెళ్లి వైద్య పరికరమైపోయింది. ఆడమనిషి మాత్రం రోదసికెళ్లినా కాఫీ దగ్గరే ఆగింది.

అంతకు ముందే, 1962లో ‘ది జెట్సన్స్’ అనే కార్టూన్ సీరియల్ వచ్చింది. నూరేళ్ల తర్వాత, అంటే 2062లో ఒక కుటుంబం ఎలా ఉంటుందన్నది కథ. ఎగిరే కార్లు, వీడియో ఫోన్లు, మీట నొక్కితే వచ్చే భోజనం. ఆ ఇంటాయన వారానికి కొద్ది గంటలే ఆఫీసుకెళ్తాడు. ఇల్లాలు జేన్ మాత్రం మీటలు నొక్కీ నొక్కీ విసిగిపోయింది. సాయానికి మరమనిషి వచ్చింది. దానికి రోజీ అని ఆడపేరు, నడుముకు ఏప్రన్! పొద్దున్నే వీడియో ఫోను మోగితే జేన్ తన ముఖానికి అందమైన మాస్కు తగిలించుకుని మరీ మాట్లాడుతుంది. వందేళ్లు ముందుకెళ్లినా నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ తీరలేదన్నమాట.

ఇంకో సంగతి. ‘స్టార్ ట్రెక్’ కోసం మొదట తీసిన ఎపిసోడ్‌లో కెప్టెన్ తర్వాతి స్థానం ఒక స్త్రీదే. మజెల్ బారెట్ ఆ వేషం వేశారు. సీరియల్ మొదలయ్యేసరికి ఆ పాత్రే లేదు. అదే నటి నర్సుగా తిరిగొచ్చారు. కంప్యూటరుకు గొంతూ ఇచ్చారు. ఆజ్ఞలివ్వాల్సిన మనిషి ఆజ్ఞలు వినే యంత్రానికి గొంతయింది! ఇప్పటి ఫోన్లలో మాట్లాడే సహాయకులకు ఎక్కువగా ఆడగొంతే పెట్టడాన్ని 2019లో యునెస్కో నివేదిక తప్పుపట్టింది. విధేయతంటే ఆడగొంతన్న అలవాటు పిల్లలకూ అంటుకుంటుంది కదా!

అన్యాయంగా మాట్లాడకూడదు, మంచీ ఉంది. సందేశాల విభాగం చూసే అధికారిణి ఉహూరా ఉంది. ఒక నల్లజాతి స్త్రీని ఆ కుర్చీలో చూడటం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1967 నాటి ఒక ఎపిసోడ్‌లో ఆమె పనిముట్టు పట్టుకుని, యంత్రం విప్పి వైర్లు సరిచేస్తుంది. ఆ పాత్ర వేసిన నిషెల్ నికోల్స్ సాయంతోనే తర్వాత నాసా స్త్రీలను, నల్లజాతివారిని వ్యోమగాములుగా రమ్మని పిలిచింది. 1978లో ఎంపికైన 35 మందిలో ఆరుగురు స్త్రీలు. తెర మీద ఒక స్త్రీకి సరైన కుర్చీ వేస్తే ఏమవుతుందో చూశారా?

ఆ ఓడ తలుపులు మనిషి దగ్గరికి రాగానే వాటంతటవే తెరుచుకునేవి. అసలు సంగతేమిటంటే, సెట్టు వెనక నిలబడి మనుషులే వాటిని లాగేవారు. మన ఇళ్లలో ‘ఆటోమేటిక్’ కూడా ఇంచుమించు అంతే. బట్టలు మెషిన్ ఉతుకుతుంది, సరే. జేబులు తడిమి చూసేది, ఆరేసేది, మడతపెట్టేది ఎవరు? “అన్నిటికీ మెషిన్లు కొనిచ్చాం కదా, ఇంకా నీకు పనేముంది?” అన్న మాట పడని ఇల్లాలుందా? 2019లో కేంద్ర ప్రభుత్వం చేయించిన సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు. చేసే మగవాళ్లు 97 నిమిషాలు. చేసే మగవాళ్లే తక్కువన్నది వేరే సంగతి!

యంత్రం ఎంత కొత్తదైనా దాని పక్కన ఎవరు నిలబడాలో అది చెప్పదు. చెప్పేది మనమే. అబ్బాయి పాత రేడియో విప్పితే “ఇంజనీరవుతాడు” అని మురిసిపోతాం. అమ్మాయి మిక్సీ వైపు చూస్తే “నీకెందుకే, షాకు కొడుతుంది” అంటాం. షాకు ఆడా మగా చూసి కొడుతుందా? ప్లగ్గు తీసేసి స్క్రూడ్రైవరు అమ్మాయి చేతికే ఇవ్వండి. ఆరేసిన బట్టలు తెచ్చి మడతపెట్టే పని అబ్బాయికి అప్పజెప్పండి. 2062 ఇంకెంతో దూరం లేదు. అప్పటికైనా కాఫీ ఎవరికి తాగాలనిపిస్తే వాళ్లే కలుపుకునే ఇల్లు మనం కట్టాలి. ఏ సీరియలూ కట్టిపెట్టదు.