నుదుటి దీపం

2023 కార్తీకమాసంలో ఎగువ అహోబిలం వెళ్ళి, ఉగ్రస్తంభం ఎక్కి దిగివస్తుండగా చీకటి పడింది. మావారి చేతిలో కొత్త టార్చిలైటు. పెట్టె మీద 1000 ల్యూమెన్లని చూసి మురిసిపోయి కొన్నారు. అరగంట తిరక్కుండానే మిణుగురైపోయింది. పైగా రెండు చేతులూ బండకు ఆనించి దిగవలసినచోట టార్చి ఎక్కడ పెట్టుకోవడం? పళ్ళతో కరిచిపట్టుకున్నారు, పాపం! నా కాలు జారి మోకాలు చీరుకుపోయింది. వెనక వస్తున్న కాలేజీ కుర్రవాడు, తలకు దీపం కట్టుకున్నవాడు, "పిన్నిగారూ, నా వెనకే రండి" అని దించాడు.

అప్పటినుంచీ మా యింట్లో దీపాలు కొనేది నేనే. కొండదారికి 200 ల్యూమెన్లు చాలు. గుడారంలోకి 30 చాలు. చూడవలసింది ఎన్ని గంటలు వెలుగుతుందని. అందులోనూ మెలిక ఉంది సుమండీ! వెలుగు పదోవంతుకు పడిపోయేదాకా లెక్కగట్టి అచ్చువేస్తారు. నేను సగమే నమ్ముతాను. ఐపీఎక్స్ 4 అని ఉంటే జల్లుకు భయం లేదు. సంచిలో ఒరుసుకుని దానంతటదే వెలక్కుండా మీటకు తాళం ఉండాలి. ఎర్రదీపం కూడా ఉంటే, చీకటికి అలవాటుపడ్డ కళ్ళు చెదరవు.

మొన్న కరెంటు పోతే మావారు దాన్నే నుదుటికి కట్టుకుని పప్పుకు తాలింపు వేశారు. పాత టార్చిని మాత్రం పారెయ్యనివ్వరు. "వెయ్యి ల్యూమెన్లే!" అంటారు.