గీతలు చదివి కొండెక్కండి

ఆదివారం తెల్లవారుజామున బ్యాగు భుజాన వేసుకుని కొండకు బయల్దేరే కుర్రాళ్లను ‘ఎంత దూరం?’ అని అడిగి చూడండి. ‘రానూపోనూ పన్నెండు కిలోమీటర్లు’ అని ఠక్కున చెబుతారు. ‘ఎంత ఎత్తు ఎక్కాలి?’ అంటే మొహమొహాలు చూసుకుంటారు. ‘మరి నీళ్లో?’ అంటే ‘దారిలో వాగుంది కదంకుల్’ అంటారు. ఆ వాగులో మార్చి నెలలో చుక్క ఉంటుందో లేదో వాళ్లకు తెలియదు. చేతిలో మాత్రం ఫోను ఉంటుంది. ఆ కొండ లెక్కంతా అదే ఫోనులోకి పైసా ఖర్చు లేకుండా వస్తుంది. అది ఉందని చెప్పేవాళ్లే లేరు. ఇస్తున్న ప్రభుత్వం కూడా ఇచ్చీ ఇవ్వనట్టుగానే ఇస్తోంది. నా ఫిర్యాదు ఈ రెండిటి మీదా.

చెరువులు, కాలువల పనిలో ఉద్యోగమంతా గడిపిన ఇంజనీరును నేను. నేల ఎత్తుపల్లాలను గీతల్లో చూపే పటమే టోపో షీటు. మా పనికి అదే పంచాంగం. ఒక చెరువులోకి ఎంత మేర వాన నీరు దిగుతుందో తేల్చాలంటే షీటు పరిచి, నీరు ఇటూ అటూ విడిపోయే కొండ అంచు వెంట పెన్సిలు నడిపి, లోపలి విస్తీర్ణాన్ని ప్లానిమీటరు అనే కొలత పరికరంతో తీసేవాళ్లం. ఆ షీట్లుండేది బీరువాలో. తాళంచెవి పెద్దసారు దగ్గర. తీసుకుంటే రిజిస్టరులో సంతకం, తిరిగిచ్చేటప్పుడు మళ్లీ సంతకం. కోస్తా వైపు షీట్లయితే ఆ పైన ‘రెస్ట్రిక్టెడ్’ ముద్ర కూడా. దేశ సరిహద్దుల వెంట, సముద్ర తీరం వెంట సుమారు 80 కిలోమీటర్ల లోపలి వరకు పటాలు బయటికి పోకూడదని అప్పట్లో రక్షణ శాఖ నిబంధన. అంటే ఒడ్డునున్న ఊళ్లో పుట్టినవాడికి తన పెరటి వెనక కొండ ఎత్తెంతో తెలియకూడదన్నమాట.

ఇందులో వింత ఏమిటంటే, ఈ షీట్లు గీసే ప్రభుత్వ సంస్థ సర్వే ఆఫ్ ఇండియా పాత పటాల ఆధారంగా అమెరికా సైన్యం 1950లలో మన దేశం మొత్తానికి 1:2,50,000 స్కేలులో షీట్లు ముద్రించుకుంది. టెక్సస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ వాటిని స్కాన్ చేసి ఎప్పుడో ఇంటర్నెట్‌లో పెట్టేసింది. ఈనాటికీ ఎవరైనా దించుకోవచ్చు. శత్రువుకు అందకుండా వేశామనుకున్న తాళం చివరికి మనకే పడింది.

తాళం ఒక్కసారిగా ఊడలేదు. 2005 నాటి జాతీయ పటాల విధానం షీట్లను రెండుగా చీల్చింది, సైన్యానికి ఒక వరస, జనానికి ఒక వరస. 2017లో ఆధార్ నంబరు ఇస్తే జనం వరస షీట్లు దించుకునే వీలు కల్పించారు. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం పటాల మీద పాత అనుమతుల గొడవ చాలావరకు ఎత్తేసింది. ఇవాళ సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే 1:50,000 షీట్లు పీడీఎఫ్‌గా ఉచితంగా వస్తాయి. రెండు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు. మన అక్షాంశాల దగ్గర ఒక్కో షీటులో రమారమి 27 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు నేల ఇముడుతుంది. ఒక రోజు నడకకు ఒక షీటు చాలు, మీ కొండ సరిగ్గా షీటు అంచున పడకపోతే. ఎందుకోగాని తరచూ అక్కడే పడుతుంది.

తలకోన సంగతే చూద్దాం. పాత లెక్కలో అది 57 ఓ/1 షీటు. తిరుపతి 57 ఓ/6. కొత్త వరసలో ఈ ప్రాంతం సంఖ్యలు డి44తో మొదలవుతాయి కాబట్టి పాత నంబరుతో వెతికితే దొరకదు. షీటు తెరిస్తే గోధుమ రంగు గీతలు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. అవే కాంటూర్లు. ఒక్కో గీత మీద ఎక్కడ నిలబడినా సముద్రమట్టం నుంచి ఎత్తు ఒక్కటే. ఈ షీట్లలో మామూలుగా గీతకూ గీతకూ తేడా 20 మీటర్లు, ప్రతి ఐదో గీత లావుగా ఉంటుంది. లావు గీతలు లెక్కపెట్టుకుంటే వందలు వచ్చేస్తాయి. గీతలు ఎడంగా ఉంటే నడక, దగ్గరైతే ఆయాసం, అతుక్కుపోతే బండ. తలకోన జలపాతం ఎత్తు 270 అడుగులు, అంటే 82 మీటర్లు. అంటే అక్కడ నాలుగు గీతలు దాదాపు ఒకదాని మీద ఒకటి పడాలి. గీతలన్నీ ఒక మొనలా వంగి ఎగువకు చూపిస్తుంటే అది వాగు దిగే లోయ, దిగువకు చూపిస్తుంటే కొండ వెన్ను. దారి తప్పినప్పుడు ఈ ఒక్క తేడా తెలిసినా చాలు.

ఇప్పుడు షీటు చెప్పని సంగతి కూడా చెప్పాలి. 20 మీటర్ల తేడాతో గీసిన పటంలో 15 మీటర్ల నిట్టనిలువు బండ రెండు గీతల మధ్య హాయిగా దాక్కుంటుంది. పటంలో నున్నగా కనిపించిన వాగు, దగ్గరికి వెళ్తే ఐదంతస్తుల మేడ ఎత్తున కిందికి దూకుతుండొచ్చు. అందుకే వాగు పట్టుకుని దిగిపోదాం అనేవాళ్లంటే నాకు భయం. దారి తెలియకపోతే వెన్ను మీదే ఉండాలి. చుట్టూ చూపు ఆనుతుంది, ఫోనుకు సిగ్నలూ అందొచ్చు.

నీళ్ల లెక్క కూడా అందులోనే ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండే వాగుల్ని నల్లగా, నీళ్లు నిలిచే వాటిని నీలంగా గీస్తారు. కుర్రాళ్లు నమ్ముకున్న ‘దారిలో వాగు’ నల్లగా ఉంటే మనిషికి ఇంకో రెండు లీటర్లు మోయాలి. సమయం లెక్క ఇంకా తేలిక. 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ ఒక సూత్రం చెప్పాడు: ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా మరో గంట. అది చలిదేశపు లెక్క. మన ఎండలో, ముళ్లపొదల్లో, పదిమంది గుంపుతో నడిస్తే వచ్చిన జవాబును రెండింతలు చేసుకోవాలని నా అభిప్రాయం. పన్నెండు కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు అంటే నైస్మిత్‌కు దాదాపు మూడున్నర గంటలు. మనకు ఏడు. పొద్దున పదకొండింటికి టిఫిను చేసి బయల్దేరేవాళ్లు ఈ ఒక్క గుణకారం చేస్తే చీకట్లో ఫోను లైటు పట్టుకుని దిగే పని ఉండదు.

పాత కాగితం షీటు ఎవరి దగ్గరైనా ఉంటే ఒక జాగ్రత్త. దాని గడులు ఫోను జీపీఎస్‌తో కలవవు, వంద మీటర్లకు పైగానే తేడా వస్తుంది. దీని వెనక మన నేలకు సంబంధించిన కథ ఉంది. 1802లో మద్రాసు దగ్గర సర్వేయరు లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే తెలుగు నేల మీదుగానే ఉత్తరానికి నడిచింది. ఆయన సహాయకుడిగా వచ్చిన జార్జ్ ఎవరెస్ట్‌కు 1819లో అప్పగించిన తొలి పని కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో. వానాకాలంలో వెళ్లారు, అడవి జ్వరం పట్టుకుంది, ఎవరెస్ట్ కోలుకోవడానికి దక్షిణాఫ్రికా కేప్ దాకా పోవాల్సి వచ్చింది. తర్వాత ఆయన భూమి ఆకారానికి కట్టిన లెక్క మీదే మన పాత షీట్లన్నీ నిలబడ్డాయి. ఆ లెక్క మన ప్రాంతానికి బాగానే సరిపోయింది గాని, ఉపగ్రహాలు వాడే ప్రపంచ లెక్క వేరు. జనం వరస షీట్లను ఈ కొత్త లెక్కకు మార్చారు కాబట్టి వాటితో పేచీ లేదు. ఇంకో మంచి మాట, మన ప్రాంతంలో దిక్సూచి ముల్లుకూ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ అటూఇటూ మాత్రమే. నడకకు పట్టించుకోనక్కర్లేదు.

సర్కారు షీటు ఒక్కటే దిక్కు కాదు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక పదకొండు రోజుల పాటు రాడారుతో భూమి ఎత్తుపల్లాలు కొలిచింది. ఆ కొలతల్ని నాసా అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. జనమే గీసుకునే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోని దారులు, ఊళ్లకు ఈ ఎత్తులు కలిపితే వచ్చేదే ఓపెన్‌టోపోమ్యాప్. అదే సరుకుతో ఫోనులో పనిచేసే ఆర్గానిక్ మ్యాప్స్‌లో కాంటూర్లు కూడా కనిపిస్తాయి, ప్రకటనలుండవు, ఇంట్లో దించుకుంటే కొండ మీద నెట్ లేకపోయినా నడుస్తుంది. కాకపోతే రాడారు చూసింది చెట్ల తలల్ని, నేలను కాదు. దట్టమైన అడవిలో కొండ ఉన్నదానికన్నా కాస్త ఎత్తుగా కనిపిస్తుంది. ముప్ఫై మీటర్ల గడికి ఒక్క కొలత కాబట్టి ఇరుకు లోయలు పూడిపోయినట్టుంటాయి. మనవాళ్లూ ఊరుకోలేదు. 2005లో శ్రీహరికోట నుంచి ఎగిరిన కార్టోశాట్-1 తీసిన జంట చిత్రాల నుంచి ఎత్తుల పటం తయారుచేశారు. హైదరాబాదు బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) దాన్ని భువన్ పోర్టల్ ద్వారా ఉచితంగానే ఇస్తోంది. ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ నేర్చుకున్న డిగ్రీ విద్యార్థి ఎవరైనా ఒక సాయంత్రంలో తన మండలానికి కాంటూర్లు గీసుకోగలడు.

మరి ఫిర్యాదెందుకు? ఇచ్చేది పీడీఎఫ్ బొమ్మ. కాంటూరు గీతల డేటా మాత్రం ఉచితం కాదు. 2021 మార్గదర్శకాల్లోనే ప్రభుత్వ సంస్థలకు ఉచితం, మిగతావారికి న్యాయమైన ధర అని రాసుకున్నారు. ఆ గీతలు గీయడానికి జీతాలిచ్చింది ‘మిగతావారే’ అన్న సంగతి రాసినవారికి తోచలేదు. నార్వే 2013లోనే తన టోపో డేటా తెరిచేసింది. స్విట్జర్లాండ్ 2021 మార్చి 1 నుంచి ఉచితం చేసింది. మన హీరోలు పాటలకు గంతులేసిన ఆల్ప్స్ కొండల గీతలు తెనాలిలో కూర్చుని దించుకోవచ్చు, కొండపల్లి కొండల గీతలకు ధర అడగాలి! అమెరికాలో ఉన్న మా అన్న కొడుకు ఏ పార్కుకు వెళ్లినా ముందు వాళ్ల భూగర్భ సర్వే సంస్థ షీటు చూస్తాడు. 1884 నుంచి అచ్చయిన పాత షీట్లతో సహా అన్నీ ఉచితమే, పేరు కూడా అడగరు. పర్యాటక ప్రకటనలకు పెట్టే శ్రద్ధలో కొంత రెండు తెలుగు రాష్ట్రాల పర్యాటక శాఖలు ఈ పని మీద పెట్టాలి. అనుమతి ఉన్న ట్రెక్కింగ్ దారులకైనా కాంటూర్లతో, తెలుగు ఊరి పేర్లతో, నీటి తావులతో ఒక పటం చేసి పెట్టొచ్చు. పెద్ద ఖర్చు కాదు.

సర్వే షీట్లలో ఇంకో లోటు కాలం. అంచున సర్వే సంవత్సరం చూడండి, చాలాచోట్ల పాతది. అప్పటి కాలిబాట ఇప్పుడు ముళ్లకంప, అప్పటి పల్లె ఇప్పుడు జలాశయం అడుగు. ఇది సర్కారు ఒక్కటే తీర్చలేదు. నడిచినవాళ్లు తమ దారిని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేర్చాలి, మేకలు కాసే తాతను అడిగి గుట్ట పేరు తెలుగులో రాయాలి. ఒక్క మినహాయింపు, అటవీ శాఖ మూసిన దారులు చేర్చొద్దు. నల్లమలలో పులుల అభయారణ్యం ఉంది, శేషాచలంలో ఎర్రచందనం దొంగలున్నారు. పటంలో గీత ఉన్నంత మాత్రాన అది అనుమతి కాదు.

ఈసారి బయల్దేరే ముందు రాత్రి ఆ షీటు తీసి, లావు గీతలు లెక్కపెట్టి, తిరిగొచ్చే వేళ తేల్చుకోండి. రెండు ప్రింట్లు తీసి ఒకటి జేబులో పెట్టుకోండి. రెండోదాని మీద మీరు నడిచే దారి గీసి, ఏ గంట దాటితే అటవీ శాఖకు ఫోను చేయాలో రాసి, ఇంట్లో పెద్దవాళ్లకిచ్చి వెళ్లండి.