ఏ మబ్బు కురుస్తుంది?

మబ్బులో నీళ్లు చూచి ముంతలో నీళ్లు ఒలకబోసుకోరాదని మన పెద్దలు అన్నారు. మన పావగడ తాలూకాలో ముంతలోనిది నీరు మాత్రమే కాదు, అప్పు చేసి తెచ్చిన శెనక్కాయ విత్తనం కూడా. ఆఫీసులో కాగితాలు రాసుకొనే మాకు మబ్బులతో పనియేమని పాఠకులు అడుగవచ్చును. వాన తప్పిన యేడు మా బల్లమీదికి వచ్చే అర్జీలే మమ్ములను ఆకాశం చూడమన్నవి.

మబ్బులకు నేడు ప్రపంచమంతటా వాడుకలోనున్న పేర్లకు మూలపురుషుడు లండనులోని మందుల వ్యాపారి లూక్ హోవార్డు. 1802లో ఆయన మబ్బులను వాటి రూపును బట్టి విడదీసెను.

మిక్కిలి ఎత్తున ఈకలవలె, దువ్విన జుట్టువలె కనిపించేది సిరస్. అది మంచు పలుకుల మబ్బు; దాని చినుకు నేలకు చేరదు. అట్టిదే పలుచని తెరయై చంద్రునికి వరదగుడి కడితే, ఆ తెర నానాటికి చిక్కబడి కిందికి దిగుతున్నదా అని చూడవలె. దిగితే వానకు ఆశ కలదు.

దూదికుప్పలవంటిది క్యుములస్. అడుగు చదునుగా, చిన్నదిగా ఉండి సాయంత్రానికి కరిగిపోతే వాన లేదు. మధ్యాహ్నానికి గోపురమై పెరిగి, తల కమ్మరి దాగలివలె విచ్చుకొన్నచో అది క్యుములోనింబస్. ఉరుము, మెరుపు, ఒక్కొక్కప్పుడు వడగండ్లు దానివే. ఆకాశమంతా బూడిదరంగు పొరగా కప్పేది స్ట్రేటస్. తుంపరే దాని సొత్తు. అదే దట్టమై సూర్యుని జాడ లేకుండ చేసి, విడువక కురిసిన నింబోస్ట్రేటస్.

మరి జూన్, జూలై మాసాలలో పడమటి గాలికి పరుగెత్తే మబ్బుల సంగతి యేమి? అవి అరేబియా సముద్రంనుండి బయలుదేరి, నీటిలో అధికభాగం పడమటి కనుమలమీదనే దించి వచ్చినవి. ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు మించి కురుస్తుంది. మనకు 600 దాటితే మంచి యేడే. మనకు కలిసివచ్చేవి సెప్టెంబరు, అక్టోబరు మాసాల సాయంకాలపు గోపురపు మబ్బులు. కావున కార్తె వచ్చిందనీ, మబ్బు పట్టిందనీ విత్తనం చల్లక, నేల పదునైనది చూచి విత్తడం మేలు.

2018లో తిరుమణి వద్ద ప్రారంభమైన సౌరవిద్యుత్ పార్కు 13,000 ఎకరాలది. అక్కడ మబ్బు నీడ పడితే కరెంటు తగ్గును. రైతు రమ్మన్న మబ్బునే పార్కు పొమ్మంటుంది!

ఒక హెచ్చరిక. మెరుపు మెరిసిన పిమ్మట 30 లెక్కపెట్టకముందే ఉరిమితే పిడుగు దగ్గరలోనే యున్నదన్నమాట. చింతచెట్టు కిందికి కాదు, ఇంటిలోనికి పోవలెను. ఆఖరి ఉరుము వినిన 30 నిమిషాల వరకు బయటికి రారాదు. గొర్రెలు తోలుకుపోయే పిల్లలకు తల్లులు ఈ లెక్క తప్పక నేర్పవలెనని మా మనవి.