టింకరింగ్ ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుంది?



"మన పిల్లలకు ముందు చదవడం, రాయడం రానీయండి, రోబోలు తర్వాత చూద్దాం" అని మన పెద్దన్నలే కొందరు అంటున్నారు. "ఆ పోటీలు కార్పొరేట్ స్కూలు పిల్లల సరదా, మనకు డీఎస్సీ, కానిస్టేబుల్, గ్రూప్స్ కోచింగ్ ఉంటే చాలు" అని ఇంకొందరు. బయటి నుంచి వచ్చే సార్లది ఇంకో పాట: "గిరిజన పిల్లలకు టీమ్‌వర్క్ నేర్పిస్తాం, ఎక్స్‌పోజర్ ఇస్తాం" అని. ఈ రెండు మాటలూ మాకు మింగుడుపడట్లేదు. అందుకే ఈ పోస్టు. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

ముందు బయటి సార్ల సంగతి. టీమ్‌వర్క్ మాకు నేర్పుతారట! తునికాకు సీజన్‌లో ఒక్కసారి గూడేనికి వచ్చి చూడండి. చీకటితోనే అడవికి పోయి ఆకు కోసేది ఒకరు, ఇంటికొచ్చాక ఏరేది ఒకరు, యాభై ఆకులు లెక్కబెట్టి కట్ట కట్టేది ఒకరు, కల్లంలో ఆరబెట్టేది ఒకరు. ఎనిమిదేళ్ల పిల్లకు కూడా అందులో పని ఉంటది. ఆ పిల్ల ఆగితే కట్ట ఆగుతది. ఒకరి చేనుకు ఒకరు బదులు పోయి నాట్లేసుకునే ఊళ్లు మనవి. కలిసి పని చేయడం మన పిల్లలకు ఇంట్లోనే వస్తది. వాళ్ల చేతికి అందనిది సెన్సర్, మోటార్, ల్యాప్‌టాప్. అవి ఇవ్వండి చాలు, టీమ్‌వర్క్ మేమే మీకు చూపిస్తాం.

ఇప్పుడు మన అన్నల మాట. అన్నా, ఆ పోటీలో ఏం జరుగుతుందో తెలిస్తే సరదా అనరు. ఫస్ట్ లెగో లీగ్ అని ఒకటుంది, అమెరికాలో 1998లో మొదలై మన దేశంలోనూ జరుగుతున్నది. జట్టులో పది మంది వరకు ఉండొచ్చు. బల్ల మీద రోబో రెండున్నర నిమిషాలు తనంతట తాను తిరిగి పనులు చేయాలి. రిమోట్ ఉండదు. పిల్లలు ముందే రాసిపెట్టిన ప్రోగ్రామే దాని బుర్ర. ఆ పరుగుకు మార్కులు వేసి ఊరుకోరు. జడ్జీలు జట్టును కూర్చోబెట్టి ఎందుకిట్ల కట్టారు, ఎవరు ఏం చేశారు, మీలో మీకు తేడా వస్తే ఎట్ల తేల్చుకున్నారు అని అడుగుతారు. దానికీ మార్కులుంటాయి. వరల్డ్ రోబో ఒలింపియాడ్‌లోనైతే జట్టుకు ఇద్దరు ముగ్గురే. పోటీ నడుస్తుండగా కోచ్ లోపలికి పోకూడదు. సారు చేసిపెట్టిన రోబోను పిల్లలు మోసుకుపోతే అక్కడ దొరికిపోతారు.

అంత దూరం ఎందుకు, నేల మీద నల్ల గీత వెంట పోయే చిన్న బండినే చూడండి. ఒక ఆర్డుయినో బోర్డు, రెండు ఐఆర్ సెన్సర్లు, రెండు మోటార్లు, బ్యాటరీ. ఎడమ సెన్సర్ కిందికి నలుపు వస్తే ఎడమకు తిరుగు, కుడి దాని కిందికి వస్తే కుడికి తిరుగు, లేకపోతే నేరుగా పో. ఇంతే ప్రోగ్రాం. కానీ పొద్దున గదిలో బాగా పోయిన బండి మధ్యాహ్నం కిటికీ పక్కన ఎండ పడగానే గీత తప్పుతది. బ్యాటరీ తగ్గితే మలుపు సగంలోనే ఆగిపోతది. అప్పుడు పిల్లలు ఏం చేయాలి? తప్పు ప్రోగ్రాంలో ఉందా, వైరులో ఉందా, వెలుతురులో ఉందా అని ఒక్కొక్కటే మార్చి చూడాలి. రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. సైన్సంటే ఇదే కదా అన్నా! పదో తరగతి గైడులో నిర్వచనం బట్టీ పట్టిన పిల్లకు, ఈ బండిని మూడు రోజులు బాగుచేసిన పిల్లకు తేడా ఉండదా? గీత తప్పిన బండి "నీకు రాదు" అని తిట్టదు, బెత్తం తీయదు. మళ్లీ చేయమంటది. మన ఆశ్రమ పాఠశాలల్లో తప్పు చేయడానికి భయపడకుండా పెరిగినవాళ్లం మనలో ఎంతమందిమి?

డబ్బుల్లేవు అంటారా? నీతి ఆయోగ్ కింద అటల్ టింకరింగ్ ల్యాబులు 2016 నుంచి ఇస్తున్నారు. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లల కోసం, ఒక్కో స్కూలుకు 20 లక్షలు: పెట్టుబడికి 10, అయిదేళ్లు నడపడానికి 10. వచ్చే అయిదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50,000 ల్యాబులు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. అంటే పైసలు కాగితం మీదైతే ఉన్నాయి. మరి మేం చూసింది ఏంది? మా వాళ్లు చదివే ఒక స్కూల్లో ల్యాబు బీరువాకు తాళం. "పిల్లలు పాడుచేస్తే ఎవరు కట్టాలి?" అని ఇన్‌ఛార్జి భయం. ఆఫీసరు వస్తున్నాడంటే తాళం తీస్తారు, త్రీడీ ప్రింటర్ మీద దుమ్ము తుడుస్తారు, తెల్లారి పేపర్లో ఫోటో. ఇంకోచోట పోటీకి పోయారు, బాగానే ఉంది. కానీ ల్యాప్‌టాప్ పట్టింది ఒక్కడే పిల్లగాడు. ఆడపిల్లలకు ఇచ్చిన పని చార్టు రాయడం, రోబో ఉన్న డబ్బా పట్టుకుని నవ్వడం. దాన్ని టీమ్ అంటారా? పాడుచేయకుండా ఎవడు నేర్చుకున్నాడు ఈ లోకంలో?

ఖరీదైన కిట్టు ఉంటేనే గెలుస్తారు అనేవాళ్లకు ఒక నిజమైన కథ. 2004లో అమెరికాలో నీటి అడుగున నడిచే రోబోల పోటీ జరిగింది. అరిజోనాలోని కార్ల్ హేడెన్ అనే ప్రభుత్వ హైస్కూలు నుంచి నలుగురు పిల్లలు పోయారు. మెక్సికో నుంచి వచ్చిన పేద కుటుంబాలు, ఉండటానికి సరైన కాగితాలు కూడా లేవు. పీవీసీ పైపులతో, దాదాపు 800 డాలర్లతో రోబో కట్టారు. అక్కడికి పోయాక లోపలికి నీళ్లు కారుతున్నాయని తేలింది. దుకాణానికి పోయి టాంపాన్లు కొని లోపల పెట్టి నీళ్లు పీల్చేలా చేశారు. కాలేజీల విభాగంలో నిలబడి ఎంఐటీని దాటి మొదటి స్థానం కొట్టారు. 2015లో దీని మీద సినిమా కూడా వచ్చింది.

కానీ సినిమా చూసి చప్పట్లు కొట్టేవాళ్లు తర్వాతి కథ చెప్పరు. 2006లో అరిజోనాలో కాగితాలు లేని విద్యార్థులకు స్థానికుల ఫీజు వర్తించదని చట్టం చేశారు. ఆ నలుగురిలో ఒకరు ఫీజు కట్టలేక యూనివర్సిటీ మధ్యలో మానేయాల్సి వచ్చింది. ఎంఐటీని ఓడించిన పిల్లగాడు! అందుకే మేం చెప్పేది, పతకం చేతికిచ్చి పంపితే సరిపోదు. ఎస్టీ సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే మనకు, స్కాలర్‌షిప్ ఆలస్యమై కాలేజీ వాళ్లు సర్టిఫికెట్లు ఆపుకుంటే ఏడ్చే మనకు, ఈ కథ వేరేగా చెప్పక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, నేర్పేవాళ్లు ఎవరు? కంపెనీ ట్రైనర్ వస్తాడు, రెండు రోజులు ఇంగ్లీషులో చెప్పి పోతాడు. గోండి, కోయ, కువి, సవర మాట్లాడే పిల్లకు తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. "లూప్" అంటే ఏందో ఆ పిల్లకు వాళ్ల భాషలో ఒక్కసారి చెప్పేవాళ్లు కావాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అన్న 2000 నాటి జీవో నంబర్ 3ను సుప్రీంకోర్టు 22 ఏప్రిల్ 2020న కొట్టేసింది. దాని మీద మన కొట్లాటకు, రోబో పోటీకి సంబంధం లేదనుకుంటున్నారా? ఉంది. పిల్ల భాష తెలిసిన టీచర్ లేని ల్యాబులో ఎంత సామాను పోసినా అది సామాను గదే.

డీఎస్సీ వద్దని మేం అనట్లేదు, మనలో సగం మంది రాస్తున్నవాళ్లమే. ఏడో తరగతి చెల్లెలి భవిష్యత్తును మన కోచింగ్ సెంటర్ కొలతతో కొలవొద్దు అంటున్నాం. ఆ చెల్లె రేపు టీచరే కావచ్చు, అయితే ల్యాబు తాళం తీసే టీచర్ అవుతది.

ఇక పని. మీ మండలంలో ఏ ఆశ్రమ పాఠశాలకు, ఏ గురుకులానికి, ఏ ఏకలవ్య స్కూలుకు ల్యాబు వచ్చిందో ఆర్టీఐ పెట్టి కనుక్కోండి. ఎంత ఖర్చయింది, వారానికి ఎన్ని గంటలు తెరుస్తున్నారు, ఆడపిల్లలు ఎందరు వాడుతున్నారు, ఈ మూడూ అడగండి. ఐటీడీఏ పీవో గారికి వినతిపత్రం మేం రాస్తున్నాం, సంతకాలకు ముందుకు రండి. బీటెక్, డిప్లొమా చేసిన అన్నలు, అక్కలు నెలకు రెండు ఆదివారాలు ఇవ్వగలిగితే కింద మీ ఊరు పేరు, మీకొచ్చిన భాష రాయండి. రెండు వేల లోపు ఖర్చుతో గీత మీద నడిచే బండి తయారవుతది, మొదటి అయిదు బండ్ల సామానుకు చందా మేమే వేసుకుంటున్నాం. దసరా సెలవులకు పిల్లలు ఇళ్లకు వస్తారు, ఆ లోపు పేర్లు రావాలి.